కారు వెనక ఇల్లు.. ఆత్మకూరు మిద్దె మీద రూటు మ్యాపు!

ఫిబ్రవరిలో ఓ ఆదివారం, రాత్రి పదకొండు. ఆత్మకూరులో మా మిద్దె మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని సోమవారం రిలీజ్ పని చూసుకుంటున్నా. వాట్సాప్ కాల్ మోగింది. మా బావ. ఉండేది ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్. అక్కడ సాయంత్రం అయిదున్నర.

"ఏంరా బామ్మర్దీ, ఏం జేస్తా ఉండావ్? నాకో రూటు గావాల. స్పెయిన్‌కి. కారవాన్ తగిలించుకుని పోదామని. ఈసారి అత్తా మామా గూడా వస్తారు గదా. మీ అక్కకి మాత్రం ఇప్పుడే చెప్పబాక."

చెప్పబాక అన్నాడంటే దానికో కారణం ఉంది. అంతకుముందు ఆగస్టులో అదే కారవాన్‌తో వాళ్ళ ముగ్గురి ప్రాణాలూ ఓ అర నిమిషం గాల్లో ఊగాయి. ఆ రోజు నుంచి మా అక్క ఆ బండి తలుపు కూడా తెరవలేదు.

ముందు కారవాన్ అంటే ఏంటో చెప్పాలి. మన దగ్గర కారవాన్ అనగానే సినిమా హీరోలు షూటింగ్ గ్యాప్‌లో ఎక్కి కూర్చునే ఏసీ బస్సు గుర్తొస్తుంది. ఇంగ్లండ్‌లో కారవాన్‌కి ఇంజిన్ ఉండదు. చక్రాల మీద ఓ ఇల్లు, అంతే. మంచాలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, టాయిలెట్ అన్నీ ఉంటాయి. దాన్ని కారు వెనక కొక్కేనికి తగిలించి లాక్కుపోవాలి. బావ కొన్నది సెకండ్ హ్యాండ్‌ది, రెండు యాక్సిళ్ళది. కారూ అదీ కలిపితే మన ఆర్టీసీ బస్సు కంటే కాస్త పొడుగే. బస్సుకి లేని తలనొప్పి ఏంటంటే, ఇది మధ్యలో విరుగుతుంది!

ఇంత పెద్దది లాగడానికి ప్రత్యేకంగా లైసెన్స్ అక్కర్లేదా? ఒకప్పుడు కావాలి. 1997 జనవరి 1 తర్వాత కారు టెస్టు పాసైన వాళ్ళు బ్రిటన్‌లో బరువైన ట్రైలర్ లాగాలంటే విడిగా ఇంకో టెస్టు రాయాల్సి వచ్చేది. 2021 డిసెంబర్ 16న ఆ రూల్ ఎత్తేశారు. ఇప్పుడు మామూలు కారు లైసెన్స్ ఉంటే 3,500 కిలోల ట్రైలర్ వరకూ లాగొచ్చు. అదెట్టా లాగాలో మాత్రం ఎవరూ నేర్పరు. బావకి కుదిరింది, కొన్నాడు. నన్నడిగితే ఆ టెస్టు ఉండాల్సిందే అంటాను. అరగంట రివర్స్ కొట్టించి, నాలుగు ప్రశ్నలు అడిగి ఉంటే ఆ ఆగస్టు సంగతి జరిగేది కాదు.

పాము మెలిక

ఆ రోజు లేక్ డిస్ట్రిక్ట్ నుంచి ఇంటికి తిరిగొస్తున్నారు. మోటర్‌వే మీద కాస్త దిగువగా ఉన్న చోటు. బ్రిటన్‌లో ట్రైలర్ లాగే కారుకి మోటర్‌వే మీద గంటకి 60 మైళ్ళే లిమిట్. బావ అంతే ఉన్నాడు. పక్క లేన్లో ఓ కోచ్ బస్సు దాటుకుంటూ పోయింది. పెద్ద బండి పక్కనుంచి పోతుంటే దాని ముందు గాలి ఓ తోపు తోస్తుంది, ఆ వెనకే లాగుతుంది. కారవాన్ తోక ఓసారి అటు ఊగింది. మళ్ళీ ఇటు. మూడో ఊపుకి కారు వెనక చక్రాల్ని కూడా పక్కకి ఈడ్చడం మొదలుపెట్టింది. దీన్ని అక్కడ స్నేకింగ్ అంటారు. పాములాగా మెలికలు తిరగడమన్నమాట.

బావ ఏం చేశాడు? మనందరం చేసేదే. గట్టిగా బ్రేక్ తొక్కాడు. ఊపు ఇంకా పెరిగింది. కారు స్లో అవుతుంటే వెనకున్న టన్నున్నర బరువు ముందుకి తోస్తుంది, ఆ తోపు పక్కకి తిరిగితే అంతే సంగతులు. అక్క అరిచిన అరుపుకో ఏమో బ్రేక్ మీద కాలు తీసేశాడు. స్టీరింగ్ అట్టాగే పట్టుకుని ఉండిపోయాడు. స్పీడు దానంతటదే 45 మైళ్ళకి పడేసరికి పాము సర్దుకుంది. తర్వాత తెలిసింది, చేయాల్సింది సరిగ్గా అదేనని. యాక్సిలరేటర్ వదిలేయాలి, స్టీరింగ్‌తో కొట్లాడకూడదు, బ్రేక్ గట్టిగా తొక్కకూడదు. వెనక సీట్లో మా మేనకోడలు, ఏడేళ్ళది, "మళ్ళీ చెయ్ నాన్నా" అన్నదట.

కాబట్టి ఫిబ్రవరి రాత్రి బావ రూటు అడిగితే, నేను రూటు వెయ్యలా. ఆ రోజు కారవాన్లో ఏమేం పెట్టావో చెప్పు అన్నా.

లిస్టు వింటే కళ్ళు తిరిగాయి. ఆ మోడల్లో బాత్రూం అన్నిటికంటే వెనక చివర. స్నానం చేసే చోటు ఖాళీగా ఉంది గదా అని అందులో పది కిలోల బియ్యం బస్తాలు రెండు, వెట్ గ్రైండర్, నీళ్ళు నింపిన క్యాన్, పిల్ల సైకిల్. అదంతా తోక మీద!

మా తాతకి ఎద్దుల బండి ఉండేది. నాకు చూచాయగా గుర్తు. బస్తాలు ఎక్కించేటప్పుడు ఆయన ముందుకొచ్చి నొగ పట్టుకుని ఎత్తి చూసేవాడు. నొగ మీద బరువు ఎక్కువైతే ఎద్దు మెడ కొట్టుకుపోతుంది. మరీ తక్కువైతే నొగ గాల్లోకి లేస్తుంది, బండి వెనక్కి కూలబడుతుంది. కొంచెం ముందుకి మొగ్గాలి, అంతే. ఇంగ్లండ్ కారవాన్ పుస్తకాల్లో పేజీలకి పేజీలు రాసే విషయం కూడా ఇదే. కొక్కెం మీద కిందికి పడే బరువు కారవాన్ మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలంటారు. దాంతోపాటు కారు కంపెనీ, కొక్కెం కంపెనీ ఇచ్చిన లిమిట్ దాటకూడదు. వాళ్ళు దాన్ని నోస్ వెయిట్ అంటారు. నేను బావకి నొగ బరువు అనే చెప్పా. ఉదయగిరి మనిషి, ఒక్క ముక్కలో అర్థమైపోయింది.

వాళ్ళ నాన్నకి ట్రాక్టర్ ఉంది. పొగాకు సీజన్లో బేళ్ళు వేసుకుని డీసీపల్లి వేలం కేంద్రానికి పోయేవాళ్ళు. బేళ్ళు ట్రక్కులో ఎట్టా సర్దాలో బావకి పదేళ్ళప్పుడే తెలుసు. అదే మనిషి ఇంగ్లండ్‌లో కారవాన్‌ని ఇల్లు అనుకున్నాడు, అది ట్రక్కు అని మర్చిపోయాడు.

మర్నాటి శనివారం బావ కారవాన్‌ని ఊరి దగ్గర వేబ్రిడ్జికి తీసుకుపోయాడు, అదే ఆగస్టు సామాను మళ్ళీ వేసుకుని. ఆ బండికి కంపెనీ ఇచ్చిన గరిష్ఠ బరువు 1,700 కిలోలు. కాటా మీద 1,790 చూపించింది. నొగ మీద ఎంతుందంటే 45 కిలోలు. శాతం లెక్కన కనీసం 85 ఉండాలి. కొత్త కారవాన్ ఖాళీ బరువుకీ గరిష్ఠ బరువుకీ మధ్య మిగిలే తేడా చాలా మోడళ్ళలో 150, 160 కిలోలే. అందులోనే బ్యాటరీ, గ్యాస్ సిలిండర్, బయట కట్టుకునే టెంటు, కుర్చీలు, బట్టలు అన్నీ. వెట్ గ్రైండర్‌కి ఎక్కడుంటుంది చోటు?

ఇంకోటి కూడా ఆ రోజే బయటపడింది. టైర్లు. చూడ్డానికి కొత్తవాటిలాగే ఉన్నాయి, అరుగుదలే లేదు. సంవత్సరంలో పది నెలలు కదలకుండా నిలబడే బండికి టైరు అరగదు, ఎండకీ వానకీ ముసలిదైపోతుంది. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. అంటే 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందన్నమాట. మీ బైక్ టైర్ మీద కూడా ఉంటుంది, ఇప్పుడే చూడొచ్చు. అక్కడ కారవాన్ వాళ్ళు అయిదేళ్ళకి మార్చేస్తారు, ఏడేళ్ళు దాటనివ్వరు. బావ బండివి ఎనిమిదేళ్ళవి. అమ్మినవాడు ఆ ముక్క చెప్పలేదు, ఈయన అడగలేదు.

నాలుగు కొత్త టైర్లు, సామానంతా యాక్సిల్ పైకి, కింద నేల మీదికి. తర్వాతే అక్కకి చెప్పాం. రెండు వారాలు ఇద్దరితోనూ మాట్లాడలా. ఆ తర్వాత మూడు షరతులు పెట్టింది. సామాను తూకం తనే వేస్తుంది. స్పీడు తను చెప్పినంతే. ఎక్కడైనా సరే తను ఆపమంటే ఆపాలి, కారణం అడక్కూడదు.

ఫోన్ మ్యాప్‌కి ఇల్లు కనిపించదు

ఇక రూటు. ఇక్కడే నా పని మొదలైంది.

మనందరి ఫోన్లో ఉండే మ్యాప్‌కి మన వెనక ఏముందో తెలియదు. కారు, బైకు, నడక, బస్సు. ఈ నాలుగైదు బటన్లలో కారవాన్ బటన్ లేదు. 2.3 మీటర్ల వెడల్పు, 2.65 మీటర్ల ఎత్తు, పన్నెండున్నర మీటర్ల పొడుగున్న బండిని అది చిన్న కారు అనుకుని, రెండు నిమిషాలు కలిసొస్తాయని ఏ సందులోకైనా తోలుతుంది. ఇంగ్లండ్ పల్లెల్లో ఆరడుగుల ఆరంగుళాలకి మించిన వెడల్పు బండి రాకూడదని బోర్డులుండే సందులున్నాయి. అందులోకి దూరాక వెనక్కి రావడం అంటే, కారవాన్ తగిలించుకుని రివర్స్. స్టీరింగ్ కుడికి తిప్పితే కారవాన్ ఎడమకి పోతుంది. అది మన ట్రాక్టర్ డ్రైవర్లకి వెన్నతో పెట్టిన విద్య, మిగతా లోకానికి నరకం. (బావకి రివర్స్ నేర్పింది వాళ్ళ ఊరి ట్రాక్టర్ డ్రైవరే. ఖాళీ ట్రక్కుని పశువుల కొట్టంలోకి పెడుతూ వీడియో తీసి పంపాడు. యూట్యూబ్‌లో తెల్లోళ్ళ వీడియోలు పది చూసినా ఎక్కనిది అందులో ఎక్కిందట.)

నేను చేసింది ఇది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని అందరూ కలిసి రాసే ఉచిత మ్యాప్ ఉంది. వికీపీడియాలాగే. అందులో రోడ్డుకి, వంతెనకి ఎత్తు, వెడల్పు, బరువు లిమిట్లు కూడా రాసిపెడతారు. దాని మీద నడిచే ఓపెన్‌రూట్‌సర్వీస్ లాంటి వాటిలో లారీ మోడ్ ఉంటుంది. బండి కొలతలిస్తే వాటికి సరిపడే దారి చెబుతుంది. ఆహా అనుకుని బావ కొలతలిచ్చా. ఇచ్చిన దారి చూసి నవ్వొచ్చింది. ఎక్కడెక్కడో చుట్టూ తిప్పింది. ఎందుకంటే లారీలు రాకూడదని బోర్డున్న ప్రతి రోడ్డునీ అది తప్పించింది. కారవాన్ లారీ కాదు, ఆ రోడ్ల మీద పోవచ్చు.

కారు మోడ్‌లో పోకూడని చోటికి పోతాం. లారీ మోడ్‌లో పోగలిగిన చోటికి కూడా పోం. అందుకని రెండింటినీ పక్కపక్కన పెట్టా. రెండూ కలిసి పోయిన చోట భయం లేదు. విడిపోయిన ప్రతి చోటా ఎందుకు విడిపోయాయో రోడ్డు ఫొటోల్లో బోర్డు వెతికి చూడ్డం. మొత్తం దారిలో అలాంటివి ముప్పై దాకా తేలాయి. వాటిలో నిజంగా ప్రమాదం ఉన్నవి నాలుగు. ఒక్కటి కూడా మోటర్‌వే మీద లేదు! అన్నీ మోటర్‌వే దిగి క్యాంప్‌సైట్‌కి చేరే ఆఖరి మూడు, నాలుగు కిలోమీటర్లలోనే. వెయ్యి కిలోమీటర్ల మెయిన్ రోడ్డు కోసం అందరూ బుర్ర బద్దలు కొట్టుకుంటారు, ఇరుక్కునేది మాత్రం ఊళ్ళో సందులో. మన పెళ్ళిబస్సులు ఇరుక్కునేదీ అక్కడే కదా.

పెద్ద దారి విషయానికొస్తే, ఫ్రాన్స్‌లో కాలే నుంచి స్పెయిన్ సరిహద్దు దాకా సుమారు 1,200 కిలోమీటర్లు. పారిస్ మీదుగా పోతే దగ్గర. కానీ పారిస్ రింగు రోడ్డు మీద కారవాన్‌తో లేన్లు మారడం అక్క షరతుల్లోకి రాదు. అందుకని పడమర నుంచి. రూయెన్, షార్ట్‌ర్, ఓర్లియాన్స్, బూర్జ్, క్లెర్మాన్ ఫెరాన్. అక్కడి నుంచి ఏ75 అనే రోడ్డు పట్టుకుంటే బెజియే దాకా. ఈ ఏ75కి రెండు గుణాలు. ఒకటి, ఒక్క మీయో వంతెన దగ్గర తప్ప టోలే లేదు. రెండు, అది కొండల మీద పోతుంది. అత్యధికంగా 1,121 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది. మన ఉదయగిరి దుర్గం కొండ 3,079 అడుగులు, అంటే 940 మీటర్లకి ఓ రెండు తక్కువ. దుర్గం శిఖరం కంటే ఎత్తులో మోటర్‌వే, దాని మీద మా నాన్న!

కొండ ఎక్కేటప్పుడు ఇంజిన్‌కి కష్టం, దిగేటప్పుడు డ్రైవర్‌కి కష్టం. దిగువలోనే పాము నిద్ర లేస్తుంది. దిగడం మొదలవక ముందే గేరు తగ్గించుకోవాలి. ఘాట్ రోడ్డు లారీ డ్రైవర్లు చెప్పేదే, కొత్తేం కాదు.

టైమ్ లెక్క ఇంకో కథ. ఫోన్ మ్యాప్ ఈ దూరాన్ని ఒక్క రోజులో కొట్టేయొచ్చన్నట్టు చూపిస్తుంది. ఫ్రాన్స్ మోటర్‌వే లిమిట్ 130 కిలోమీటర్లు కాబట్టి. కానీ కారు, కారవాన్ గరిష్ఠ బరువులు కలిపి 3,500 కిలోలు దాటితే అక్కడ 90కి మించకూడదు. బావవి రెండూ కలిపి 4,200. అక్క చెప్పింది 85. ఆగడాలు, టోల్ గేట్లు, కొండలు కలుపుకుంటే నేను గంటకి 65 వేశా. మొత్తం పద్దెనిమిది గంటల పైచిలుకు. మూడు రోజులు, రోజుకి 400 కిలోమీటర్లు, సాయంత్రం నాలుగింటికల్లా క్యాంప్‌సైట్‌లో ఉండాలి. బావ రెండు రోజుల్లో పోదామన్నాడు. నేను ఫోన్ అక్కకి ఇచ్చెయ్యమన్నా.

ఏ రోజు బయల్దేరాలనేదీ లెక్కే. ఫ్రాన్స్‌లో ప్రభుత్వమే బైసన్ ఫ్యూటే అనే పేరుతో ఏ రోజు ఎంత ట్రాఫిక్ ఉంటుందో ముందే రంగుల్లో చెబుతుంది. ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు. జులై, ఆగస్టు శనివారాలు ఎరుపు, కొన్నయితే ఏకంగా నలుపు. దేశమంతా దక్షిణానికి సముద్రం వైపు కదులుతుంది. మన సంక్రాంతి ముందు రోజు విజయవాడ హైవే అనుకోండి. అందుకని మంగళవారం బయల్దేరి గురువారం చేరేట్టు పెట్టా.

ఈ పనంతా చేస్తున్నప్పుడు తెలిసిన సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. బావది ఉదయగిరి గనక ఊరికే ఆ కోట గురించి చదివా. కృష్ణదేవరాయలు గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరిని దాదాపు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలిచాడు. అంత కాలం ఎందుకు పట్టింది? న్యూనిజ్ అనే పోర్చుగీసు వ్యాపారి రాసినదాని ప్రకారం కోటకి ఉన్నది ఒకటే దారి, అది కూడా మనుషులు ఒకరి వెనక ఒకరు పోయేంత ఇరుకు. రాయలు చేసిందేమిటంటే కొండరాళ్ళు పగలగొట్టించి వెడల్పు దారులు వేయించడం. అదీ ఆఖరి మూడు కిలోమీటర్ల సమస్యే! ఆయన రోడ్డు మార్చాడు, మనకి ఆ వీలు లేదు, రూటు మార్చుకోవాలి.

నెయ్యి వద్దు, చేపలు ఓకే

అమ్మానాన్నలకి బ్రిటన్ విజిట్ వీసా ఉంటే ఫ్రాన్స్ పోవచ్చు అనుకున్నారు మొదట. కుదరదు. షెంగెన్ వీసా వేరే. బావావాళ్ళవీ ఇండియన్ పాస్‌పోర్టులే కాబట్టి వాళ్ళకీ కావాలి. అమ్మానాన్నలు ఇక్కడి నుంచే అప్లై చేశారు. కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ చూపించాలి. నాన్నకి షుగర్, బీపీ. ఆ ఫారం నింపేటప్పుడే నాకు కాస్త భయం పట్టుకుంది. ముప్పై ఏళ్ళు స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, నెల్లూరు దాటి దూరం పోయింది తక్కువ. ఆయన్ని తీసుకుపోయి ఓ తోక ఊగే బండి ముందు కూర్చోబెడుతున్నాం.

ఆయన భయం మాత్రం వేరు. "కారవాన్లో మంచం ఉంటది గదరా, నేను దాంట్లో పడుకుంటా, మీరు తోలుకుంటా పోండి" అన్నాడు. స్లీపర్ బస్సు లెక్క. అది నేరం నాన్నా అని చెప్పా. లాగుతున్న కారవాన్లో మనుషులు ఉండకూడదని బ్రిటన్‌లో రూల్ ఉంది. పాము మెలిక తిరిగితే మొదట పల్టీ కొట్టేది అదే. "అయితే మరి అంత డబ్బు పోసి మంచాలెందుకు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అమ్మ ఏప్రిల్ నుంచే డబ్బాలు సిద్ధం చేసింది. మూడు కిలోల నెయ్యి, కోడి పచ్చడి, చేపల పచ్చడి, గోంగూర, కారాలు. బ్రిటన్ ఇప్పుడు యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి అక్కడి నుంచి ఫ్రాన్స్‌లోకి మాంసం, పాలతో చేసినవి సొంత వాడకానికైనా తీసుకుపోకూడదు. అంటే నెయ్యి, కోడి పచ్చడి ఔట్. చేపలైతే మనిషికి 20 కిలోల దాకా పర్లేదు. నెల్లూరోళ్ళకి యూరప్ ఇచ్చిన గౌరవం ఇది అని అమ్మకి చెప్పా, ఆమెకి నవ్వు రాలేదు. నెయ్యి ముందు నార్తాంప్టన్‌కే పోకూడదని తర్వాత తెలిసింది. బ్రిటన్ కూడా మన దేశం నుంచి పాల పదార్థాలు రానివ్వదు. డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది, నేనే తిన్నా.

చిన్నచిన్నవి చాలా ఉన్నాయి, ముఖ్యమైనవి మాత్రం చెప్పేస్తా. ఫ్రాన్స్‌లో రోడ్డుకి కుడివైపు నడపాలి, ఇంగ్లండ్ కారు స్టీరింగ్ కూడా కుడివైపే. అంటే టోల్ మెషీన్ ఎడమ సీటు వైపు వస్తుంది. టికెట్ తీసుకునే ఉద్యోగం నాన్నది. మన ఫాస్టాగ్ లాంటి ట్యాగ్ అక్కడా ఉంది, కానీ కొన్ని ట్యాగ్ లేన్ల పైన 2 మీటర్ల ఎత్తుకే అడ్డ కమ్మీ ఉంటుంది. కారు పడుతుంది, వెనకున్న ఇల్లు పట్టదు. టోల్ కూడా కారు రేటు కాదు. వెనకున్నదాని ఎత్తు 2 నుంచి 3 మీటర్ల మధ్య కాబట్టి రెండో తరగతి. మూడు లేన్లున్న చోట ఎడమ చివరి లేన్లోకి పోకూడదు. మోటర్‌వే మీద బండి ఆగిపోతే మనకి తెలిసిన మెకానిక్‌ని పిలవడం కుదరదు, దారి పక్కనున్న నారింజ రంగు ఫోన్ నుంచే చెప్పాలి, వాళ్ళ బండే వస్తుంది. దారిలో రెస్ట్ ఏరియాల్లో పగలు ఎంతసేపైనా ఆగండి గానీ రాత్రి పడుకోకండి అని అక్కడ తిరిగేవాళ్ళంతా చెబుతారు, దొంగతనాలు. అందుకే నాలుగింటికల్లా క్యాంప్‌సైట్ అన్నది.

మూడో రోజు

జులై ఆఖరి వారం మంగళవారం తెల్లారుజామున బయల్దేరారు. అక్క తూకం 1,655 కిలోలు, నొగ మీద 92. ఫోక్‌స్టన్‌లో కారు, కారవాన్ రెండూ రైల్లోకి ఎక్కాయి. గ్యాస్ కట్టేశారా అని అడిగి చూశారట. సముద్రం కింద 35 నిమిషాలు. కారులోనే కూర్చుని. నాన్న వాయిస్ మెసేజ్: "సముద్రం ఎక్కడా కనిపించలేదు. మోసం."

మొదటి రెండు రోజులూ చెప్పుకోవడానికేం లేదు. అదే మంచి వార్త. నేను ఆఫీస్ మీటింగుల మధ్య రెండో స్క్రీన్ మీద లైవ్ లొకేషన్ పెట్టుకున్నా. నీలం చుక్క నింపాదిగా కదిలేది. రెండో రాత్రి సాంఫ్లూర్ దగ్గర, కొండల మీద. దారిలో గరబీ వంతెన కనిపించింది, ఈఫిల్ కంపెనీ కట్టిన ఎర్ర రైలు వంతెన. మేనకోడలు ఫొటో పంపింది.

గురువారం మధ్యాహ్నం మా టైమ్ రెండున్నర, అక్కడ పదకొండు. మీయో వంతెన గాలి చూశా. పొద్దున చూసినప్పటికంటే పెరిగింది. సాయంత్రానికి తగ్గుతుందని ఉంది. మధ్యలో మూడు, నాలుగు గంటలు బాగా విసురు.

ఆ వంతెన గురించి చెప్పాలి. 2004 డిసెంబర్‌లో తెరిచారు. 2,460 మీటర్ల పొడుగు, టార్న్ నది లోయ మీద ఏడు స్తంభాలు. రోడ్డు నది నుంచి 270 మీటర్ల ఎత్తులో ఉంటుంది. స్తంభాలు పైనున్న తీగల దాకా కొలిస్తే 343 మీటర్లు, ఈఫిల్ టవర్ కంటే ఎత్తు. అంచుల్లో 3 మీటర్ల గాలి తెరలు పెట్టారు, గాలి జోరు సగానికి తగ్గేట్టు. మరీ పెరిగితే వంతెన మూసేస్తారు. మూసేదాకా పోవచ్చు, రూల్ ప్రకారం తప్పు లేదు. కానీ ఆ రూల్ అన్ని బండ్లకీ కలిపి రాసింది. పక్కనుంచి గాలి కొట్టడానికి మా బావ బండికున్నంత పెద్ద గోడ అన్ని బండ్లకీ ఉండదు.

ఫోన్ చేశా. బావ స్పీకర్లో ఉన్నాడు. "కార్లన్నీ పోతానే ఉండాయిరా. కారవాన్లు గూడా పోతా ఉండాయి. ఆలస్యం అయితే స్పెయిన్ క్యాంప్‌సైట్ గేటు మూసేస్తారు. డబ్బులు గట్టేసినాం."

ఆయన చెప్పింది నిజమే. దారి మార్చుకుందామా అంటే, వంతెన కట్టక ముందున్న పాత రోడ్డు లోయలోకి దిగి మీయో ఊరి మధ్య నుంచి మళ్ళీ ఎక్కుతుంది. ఒకప్పుడు వేసవిలో గంటలకొద్దీ ట్రాఫిక్ నిలిచిపోయేది ఆ ఊళ్ళోనే. నిటారు దిగువ, వెనక 1,655 కిలోలు. అదీ వద్దు. నేను ఎనిమిది వేల కిలోమీటర్ల దూరంలో ఫ్యాన్ కింద కూర్చుని "ఆగండి" అనడం తేలిక. ఒక్క క్షణం నాకే డౌటొచ్చింది, ఊరికే భయపెడుతున్నానా అని.

అక్క గొంతు వినిపించింది. "ముందొచ్చే రెస్ట్ ఏరియాలో ఆపు."

బావ కారణం అడగలేదు.

వంతెనకి ముందే ఉన్న ఏరియాలో ఆపారు. అక్కడి నుంచి వంతెన మొత్తం కనిపిస్తుంది. కారవాన్ తలుపు తెరిచి, గ్యాస్ వెలిగించి, అమ్మ ఉప్మా చేసిందట. గాలికి తలుపు ఆగట్లేదని నాన్న కుర్చీ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. స్పెయిన్ క్యాంప్‌సైట్‌కి ఫోన్ చేసి ఒక రాత్రి వదులుకున్నారు, ఆ డబ్బు పోయింది. నేను బెజియే దగ్గర ఆ రాత్రికి ఇంకోటి వెతికి, మళ్ళీ ఆఖరి మూడు కిలోమీటర్లు ఫొటోల్లో చూసి, ఏ ఎగ్జిట్‌లో దిగాలో పంపా. ఆ గంటన్నర మా టీమ్ మీటింగ్‌లో ఏం మాట్లాడారో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్కడ అయిదు దాటింది. గాలి పడిపోయింది. చుక్క కదిలింది. రెండున్నర కిలోమీటర్లు దాటడానికి రెండు నిమిషాలు పట్టాలి. స్క్రీన్ మీద చుక్క మధ్యలో ఆగిపోయినట్టు కనిపించింది. నెట్‌వర్క్ అని తెలుసు. అయినా లేచి నిలబడ్డా. మళ్ళీ కదిలింది, లోయకి అవతల.

పది నిమిషాల తర్వాత నాన్న వాయిస్ మెసేజ్. "ఒరే, దాటేసినాం. కింద మేఘంలాగా ఏందో ఉండాది. మీ అమ్మ కళ్ళు మూసుకునింది. నేను మూసుకోలా."

దాని కింద అక్క పంపిన ఫొటో, వంతెన మీద తీసింది. లోయ లేదు, తీగలు లేవు. స్పీడోమీటర్. ముల్లు 45 మైళ్ళ మీద ఉంది.